ఎన్నెల్

ఇవాళ మూడు బండ్లకి రాశాను.
ముందు ప్లేటు మిషనే కొట్టి పంపుతుందిప్పుడు.
డోరు మీద, వెనక డాలా మీద మాత్రం
ఇంకా నా చెయ్యి కావాలి
ఆటోనగర్ నాలుగో క్రాసులో.

ఎన్నెల్ జీరో వన్.
నాగాలాండు అట. మబ్బులు గుమ్మంలోకొస్తాయట అక్కడ.
ఈ బండ్లలో ఒక్కటీ ఆ ఘాటు ఎక్కలేదు,
కాగితాలే కొరియర్లో పోయి
ఆ ఊరివై తిరిగొచ్చాయి.

టీ గ్లాసులు తీసుకుపోడానికొచ్చి సామ్రాజ్యం అడిగింది,
"ఏం రాస్తన్నావ్ బాజీ, అన్నిటికీ అదే?"
ఎన్నెల్, అన్నాను.
"ఎన్నెలా? లారీకి ఎన్నెలేంటయ్యా!"
కడిగిన నీళ్లు రోడ్డు మీద పారబోసింది.
ఆయిలు మీద రంగులు కాసేపు తిరిగి
గుంటలోకి జారాయి.

మా నాన్న కాలంలో ఏపీ పదహారు.
ఆరు చివర చిన్న తోక తిప్పేవాడాయన.
నాగపూరు ఢాబాలో కూడా తోక చూసి అనేవాళ్లట,
బెజవాడ బండి, ఖాదరు చెయ్యి, అని.
ఒకటికి తోకెక్కడ పెట్టను?

పూర్ణయ్య గారు దొంగేం కాదు.
బానెట్టు మీద క్యాలిక్యులేటరు పెట్టి నాకే చూపించాడు:
మూణ్ణెల్ల టాక్సు, పర్మిటు, టైర్లు, ఫైనాన్సు వాడి వాయిదా,
గరికపాడు దాటాక ట్యాంకు నింపితే మిగిలేది.
"నేనెక్కడికీ పోలేదురా, అంకెలు పోతన్నాయి" అన్నాడు.
పన్ను అంటే మనకి రెండూ ఒకే మాట.
ఊగుతున్నంతసేపూ నాలుక అక్కడికే పోతుంది,
పీకించుకున్నాక
ఆ సందులోకి పోతుంది.

కంచికచర్ల దగ్గర బంకులో ఇస్సాకు
నాజిలు ఒళ్లో పెట్టుకుని కునుకుతాడు.
మన బండ్లే, హారను కొట్టి మరీ దాటిపోతాయి,
వేళాకోళమో పాత స్నేహమో
వాడికీ తెలీదు.

నూజివీడు రోడ్డులో శంకుస్థాపన రాయికి
అక్షరాలు నింపింది నేనే, బంగారు రంగు.
పంపులు చేసే కంపెనీ. స్థలం చవగ్గా,
కరెంటు సగానికి, అయిదేళ్లు పన్ను లేదు.
మా బావమరిది మౌలాలి
వెల్డింగు సర్టిఫికెట్టుకి లామినేషను చేయించాడు.
పక్క రాష్ట్రం ఏడేళ్లంది.
కంపెనీ అటు లేచిపోయింది.
రాయితీలో మాకు రాయి దక్కింది.
మేకలు దానికి వీపు గోక్కుంటాయి.
నా రంగు మాత్రం చెక్కుచెదరలేదు,
ఎనామిలు మంచిది.

ఒక మాట చెప్పాలి, ఎవరూ అడక్కపోయినా.
మంగళవారం, శుక్రవారం మా అమ్మ
పెద్దాసుపత్రిలో ఆ మిషను పక్కన పడుకుంటుంది.
నాలుగ్గంటలు. రూపాయి అడగరు.
ఆ రిజిస్టర్లో సంతకం చేసే చేత్తోనే
ఇక్కడ ఎన్నెల్ రాస్తాను.
మొన్న నర్సు అంది, ఫిల్టర్లు రాలేదు,
వారం ఆగండి, బిల్లులు ఆగాయట.
ఎక్కడ ఆగాయో
నేనడగలేదు.
వేళ్ల సందుల్లో నల్లరంగు ఉంది, కిరసనాయిలు పెట్టినా పోదు.

మూడో బండి అయ్యేసరికి చీకటి పడింది.
కరెంటు పోయింది. సెల్లు లైటు నోట్లో పెట్టుకుని
ఎల్ అక్షరం పాదం దగ్గరికొచ్చాను.
చెయ్యి దానంతటదే తిరిగింది,
చిన్న తోక, నాన్నది.
తుడుద్దామని గుడ్డ తీశాను,
తుడవలేదు.

పూర్ణయ్య గారు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.
"దీనికి వేరే తీసుకోవుగా?"

రాయితీ లెండి, అన్నాను.